తీరంలో కుక్కతో నడక: వేళ చెప్పాలి, హద్దు గీయాలి

విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేసే ఆ కాసేపు ఊరికి ఊరే నడకకు కదిలి వచ్చినట్టుంటుంది. కాళీమాత గుడి దగ్గర మొదలై కురుసుర జలాంతర్గామి మీదుగా సాగే ఆ దారిలో ఇప్పుడు మనుషులతో పాటు పెంపుడు కుక్కలూ బాగానే కనిపిస్తున్నాయి. వాటిని పట్టుకొని వచ్చినవారిని ఎవరినైనా ఆపి, కుక్కను ఇసుకలోకి దించవచ్చా అని అడిగితే ఒకరు దించవచ్చంటారు, మరొకరు కాపలా సిబ్బంది కేకలేస్తారంటారు, ఇంకొకరు ఆరింటిలోపైతే ఎవరూ పట్టించుకోరంటారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు ఈ తీరంలోని చాలా చోట్ల మా కుక్కను వెంటబెట్టుకొని కొన్నేళ్లుగా నడుస్తున్నాను. ఎక్కడ అనుమతి ఉంది, ఎక్కడ లేదు, ఏ వేళ ఉంది అని తెలుగులో స్పష్టంగా రాసిన బోర్డు ఒక్కటీ నా కంటబడలేదు.

అనుమతి ఉందో లేదో తేల్చకుండా వదిలేయడం కుక్కల యజమానులకు మేలనుకునేవారు ఉన్నారు. నా అనుభవం వేరుగా చెబుతోంది. నియమం లేనిచోట జాగ్రత్తగా ఉండేవారు భయపడి ఇంటికి పోతారు, జాగ్రత్త లేనివారు గొలుసు విప్పి కుక్కను వదిలేస్తారు. తరువాత ఎవరికో చిన్న గాయమైతే కోపం కుక్కలన్నిటి మీదికీ మళ్లుతుంది. కాబట్టి నేను ఈ వ్యాసంలో అడుగుతున్నది కుక్కలకు మరింత స్వేచ్ఛ కాదు. ఏ ఇసుక, ఏ వేళ, ఏ నెల అన్నది తేల్చి రాయమని అడుగుతున్నాను.

సుమారు పాతిక కిలోమీటర్ల ఈ తీరం చూడ్డానికి ఒకే గీతలా ఉన్నా, నడిచేవారికి అది అడుగడుక్కీ మారిపోతుంది. ఆర్కే బీచ్ కాలిబాట నగరానిది, జనానిది. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఇసుక వెడల్పవుతుంది, రద్దీ తగ్గుతుంది. రుషికొండ పర్యాటకుల చోటు. మంగమారిపేట మొదలు అక్కడక్కడా మత్స్యకారుల పల్లెలు. ఎర్రమట్టి దిబ్బలను 2014లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. వానకే కోసుకుపోయే ఆ మెత్తని గట్ల మీదికి కుక్కలను ఎక్కించకపోవడమే మంచిది, మనుషులు ఎక్కినా నష్టమే. చివర గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట పాత లైట్‌హౌస్, డచ్చివారి సమాధులతో భీమిలి. ఇన్ని రకాల చోట్లకు ఒకే నిషేధమో ఒకే అనుమతో సరిపోదు.

రుషికొండ సంగతే చూద్దాం. 2020 అక్టోబరులో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో అదొకటి. ఆ గుర్తింపుకు ఉన్న 33 ప్రమాణాల్లో కుక్కలు, ఇతర పెంపుడు జంతువుల రాకను కచ్చితంగా నియంత్రించడం కూడా ఉంది. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల వల్ల ఆ పతాకాన్ని కొన్నాళ్లు దించాల్సి వచ్చినప్పుడు, చెత్తతో పాటు అక్కడ తిరిగే వీధి కుక్కల ప్రస్తావన కూడా వార్తల్లో వచ్చింది. లోపాలు సరిదిద్దాక గుర్తింపు తిరిగి వచ్చింది. స్నానాలకు కేటాయించిన ఆ భాగంలోకి పెంపుడు కుక్కను తీసుకెళ్లకూడదన్న నియమం నాకు పూర్తిగా సమ్మతమే. అయితే ఒకచోట వద్దన్నవారు మరోచోట సరేనని చెప్పాలి. ఆ రెండో మాట రాకపోవడం వల్లే రుషికొండ నుంచి వెనుదిరిగిన కుక్క సాగర్‌నగర్‌లో తాబేలు గుడ్ల మీద తేలుతోంది.

తాబేళ్ల విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కుక్కల యజమానుల్లో చాలామందికి తెలియని నష్టం అక్కడే జరుగుతోంది. శీతాకాలం నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ ఒడ్డుకు ఎక్కి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి వంద గుడ్లకు అటూ ఇటుగా పెట్టి, పూడ్చి, తెల్లారేలోపే సముద్రంలోకి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. మనిషి కంటికి ఆనవాలు దొరకని ఆ గుంటను కుక్క ముక్కు క్షణంలో పట్టేస్తుంది, రెండు నిమిషాల్లో పైకి తోడేస్తుంది. అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారకముందే తీరమంతా గాలించి గుడ్లను సంరక్షణ కేంద్రాలకు చేర్చే ప్రయత్నం చేస్తారు. సరిగ్గా అదే వేళకు మనం గొలుసు విప్పిన కుక్కతో అక్కడికి చేరుకుంటాం. ఈ తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఇచ్చిన స్థాయిలోనే, రక్షణ ఉంది. నా కుక్క ఆట కోసం తవ్విందని నేను చెప్పుకునే సాకు అక్కడ నిలవదు, నిలవకూడదు కూడా.

ఇక మత్స్యకారుల ఇసుక. భీమిలి దగ్గరా, దారిలోని పాలేల్లోనూ పట్టిన చేపలను ఆడవాళ్లు ఒడ్డునే ఎండబెడతారు. మనకు ఖాళీ బీచ్‌లా కనిపించే ఆ చోటు వారికి కళ్లం. రైతు కళ్లంలో ధాన్యం మీదికి ఎవరూ తమ కుక్కను తోలుకురారు. ఒకసారి మా కుక్క ఆ ఆరబోసిన చేపల అంచున కాలెత్తినప్పుడు అక్కడున్న పెద్దావిడ నన్ను గట్టిగానే మందలించింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ న్యాయంగానే తోస్తాయి. అలివి వల లాగే సమయంలో కూడా అంతే. తాళ్లు పట్టుకొని రెండు వరుసల్లో వెనక్కి నడిచే మనుషుల కాళ్ల మధ్య తిరిగే కుక్క వారికి అడ్డు, తనకు ప్రమాదం.

ఆ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వలలోంచి ఏరి పారేసిన వాటిలో బంతిలా ఉబ్బే విషపు చేపలు తరచుగా ఉంటాయి. చచ్చి ఎండిపోయినా వాటిలోని విషం పోదు, దానికి విరుగుడు మందు లేదు. తెగిన వల ముక్కలు, గాలాలు, కొన్ని నెలల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చే జెల్లీ చేపలు సరేసరి. ఎండ సంగతి మరీ ముఖ్యం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి వగర్చడమే ఒళ్లు చల్లబరచుకోవడానికి దానికున్న ప్రధానమైన ఉపాయం. గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఈ తీరంలో ఆ ఉపాయం సగమే పనిచేస్తుంది. పైగా భీమిలి వైపు ఇసుకలో ఇల్మనైట్ వంటి నల్లని ఖనిజాలు కలిసి ఉంటాయి, ఆ నల్ల చారలు త్వరగా కాలుతాయి. అరచేతి వెనుక భాగాన్ని అయిదారు సెకన్లు ఇసుక మీద ఆన్చలేకపోతే కుక్క పాదాలను దాని మీద నడిపించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటితే మా కుక్కను నేను బయటికే తీయను. దాహానికి అది ఉప్పునీళ్లు తాగి వాంతులు చేసుకోకుండా మంచినీటి సీసా ఒకటి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇక్కడే చిక్కు ముడి బిగుస్తుంది. తాబేళ్ల కోసం సూర్యోదయానికి ముందు వెళ్లకూడదు, కుక్క కోసం ఎనిమిది తరువాత ఉండకూడదు. తాబేళ్ల కాలానికి ఎండలు కూడా తోడైన నెలల్లో మిగిలేది సుమారు రెండు గంటలే. ఇంత ఇరుకైన వ్యవధిని ఎవరి ఇష్టానికి వారికి వదిలేస్తే కుదరదు కనుకనే రాతపూర్వకమైన నియమం కావాలంటున్నాను.

ఇతర దేశాల్లో సముద్రపు ఊళ్లు ఈ పని ఎప్పుడో చేశాయి. ఇంగ్లండులోని బ్రైటన్‌లో మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కొన్ని బీచ్‌లలోకి కుక్కలను రానివ్వరు. మిగతా బీచ్‌లు, మిగతా నెలలు వాటికి తెరిచే ఉంటాయి. కార్న్‌వాల్‌లో కొన్నిచోట్ల వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే నిషేధం. ఆ క్యాలెండరును మనం దించుకోనక్కర్లేదు, ఎందుకంటే వారి కొలత వేసవి విహారయాత్రికులది. మన తీరానికి వేరే పంచాంగం ఉంది. కార్తిక పౌర్ణమికీ, శివరాత్రి జాగరణ మర్నాడూ సముద్ర స్నానాలకు వచ్చే వేలాది జనం, ఆదివారం సాయంత్రపు రద్దీ, చేపలు ఆరబోసే వేళలు, తాబేళ్ల నెలలు. వాటిని ముందు పెట్టుకొని లెక్కవేస్తే మన నియమం మనకే తయారవుతుంది. వేళలు నిర్ణయించడం మన దేశంలో కొత్త ఆలోచన కూడా కాదు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు పార్కుల్లో పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే బదులు సమయాలు ఏర్పాటు చేసుకోమనీ, బయట కుక్కకు గొలుసు ఉండాలనీ సూచించాయి.

వీధి కుక్కల మాట ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. గొలుసుకు కట్టిన కుక్కతో నడిచేవారికి ఈ తీరంలో ఎదురయ్యే మొదటి అడ్డంకి అవే. ప్రతి గుంపుకూ ఒక హద్దు ఉంటుంది, కొత్త కుక్క ఆ హద్దు దాటితే నాలుగు కలిసి చుట్టుముడతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వాటికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవి, దాడి స్వభావం ఉన్నవి మినహా మిగతావాటికి ఇదే విధానాన్ని పాటించమంటూ, తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు గుర్తించాలని ఆదేశించింది. ఆ స్థలాల ఎంపిక బీచ్‌కు చాలా ముఖ్యం. నడకదారి మలుపులోనో, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక పక్కనో ప్రేమతో బిస్కెట్లు చల్లేవారు ఆ కుక్కలను అక్కడికే అలవాటు చేస్తున్నారు. రోడ్డుకు అవతలి వైపు, జనం తక్కువ ఉండే చోట ఆ తిండి పెడితే కుక్కల హద్దులు కూడా క్రమంగా అటే జరుగుతాయి.

మనుషులకే సరైన నడకదారులు లేని నగరంలో కుక్కల కోసం ఇంత ఆలోచన అవసరమా అని అడిగేవారిని నేను తప్పుపట్టను. పిల్లల్ని కుక్క కరిచిన ఇళ్లలో ఆ ప్రశ్న వెనుక కన్నీళ్లున్నాయి. అయితే వేళ, హద్దు రాసిపెట్టడం వల్ల ముందు లాభపడేది కుక్కంటే భయపడే మనిషే. ఏ సమయంలో, ఏ భాగంలో కుక్క ఉండదో అతనికి ముందే తెలుస్తుంది. ఆ మేర పసిపిల్లను నిశ్చింతగా ఇసుకలో వదలగలుగుతాడు.

నగరపాలక సంస్థ, అటవీ శాఖ, పర్యాటక శాఖ, మత్స్యకార సంఘాలు ఒకచోట కూర్చుంటే ఇదంతా పెద్ద ఖర్చు లేకుండా తేలిపోయే పని. బీచ్ రోడ్డులో వాహనాలు ఆగే వేళ కాలిబాట మీద, రెండు మీటర్లు మించని గొలుసుతో కుక్కకు అనుమతి ఇవ్వవచ్చు. సాగర్‌నగర్ వైపు జనం, వలలు లేని ఒక ముక్కను జూన్ నుంచి నవంబరు వరకు ఉదయం పూట తెరిచి, తాబేళ్ల నెలల్లో సూర్యోదయం నుంచి ఎనిమిది వరకే పరిమితం చేయవచ్చు. రుషికొండ స్నానాల భాగం, చేపలు ఆరబోసే ఇసుక, తాబేళ్ల సంరక్షణ కేంద్రాల చుట్టుపక్కల ఏడాది పొడవునా కుక్కకు తావు ఉండకూడదు. టీకా వేయించిన రుజువు, మలం ఎత్తడానికి సంచి లేనివారికి జరిమానా వేస్తే మొదట కట్టడానికి నేను సిద్ధం. కానీ ఆ సంచి వేయడానికి నేను నడిచే దారిలో మూత ఉన్న చెత్తడబ్బా కనీసం అర కిలోమీటరుకు ఒకటైనా ఉండాలి. తాబేళ్లు మళ్లీ ఒడ్డుకు ఎక్కే కాలం డిసెంబరులో మొదలవుతుంది. బోర్డులు నవంబరు నెలాఖరుకల్లా నిలబడాలి, వాటి మీద తెలుగు అక్షరాలు నడిచే మనిషికి ఆగకుండానే చదవగలిగేంత పెద్దవిగా ఉండాలి.