అమెజాన్‌ను నరికింది గిరిజనుడేనట!

వారం రోజుల్లో ఈ సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. ‘అమెజాన్ గురించి ఐదు పచ్చి నిజాలు’ అని శీర్షిక, పైన మండుతున్న అడవి బొమ్మ, కింద పది గ్రూపులకు పంపాలన్న ఆజ్ఞ. పంపినవారంతా అనంతపురంలో నాతో పాటు పాఠాలు చెప్పి రిటైరైనవారే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది, ప్రపంచానికి 20 శాతం ప్రాణవాయువును అమెజాన్ ఇస్తుందన్నది కట్టుకథ అని. ఇది మాత్రం ఒప్పుకోవలసిందే. అక్కడ పుట్టే ప్రాణవాయువు దాదాపు అంతా ఆ చెట్ల శ్వాసకూ, రాలిన ఆకులు కుళ్ళడానికీ ఖర్చైపోతుంది. తరగతి గదిలో ఆ 20 శాతం లెక్కను నేనూ ఏళ్ళ తరబడి అప్పజెప్పాను. అయితే అందువల్ల అడవి తగలబడినా నష్టం లేదనడం మరో కట్టుకథ. ఆ మానుల్లో నిలవ ఉన్న కర్బనం పొగై పైకే పోతుంది.

అంత పెద్ద చెట్లు పెరిగిన నేల దున్నితే బంగారం పండుతుందన్నది రెండోది. అక్కడ సారం చాలావరకు చెట్లలోనే ఉంటుంది, మట్టిలో కాదు. కాల్చిన బూడిద బలంతో రెండు మూడు పంటలు వస్తాయి, తర్వాత వాన కడిగేస్తుంది. కల్యాణదుర్గం దగ్గర మా చేనికి పైనున్న గుట్ట మీద కంపచెట్లు కొట్టేసిన ఏడాది, ఒక్క పెద్దవానకే ఎర్రమట్టి జారిపోయి గరుసు తేలింది. సున్నం, ఎరువులు కుమ్మరించి సోయా పండించే కంపెనీల సంగతి వేరు. అది పెట్టుబడి సారం.

నరికినచోట నీలగిరి నాటితే సరిపోతుందన్న మూడో మాటకు జవాబు అనవసరం. నీలగిరి తోటలో పక్షుల కోసం వెతికినవారికి అది తెలుసు.

వాన సముద్రం నుంచి వస్తుంది కాబట్టి అడవితో దానికి సంబంధం లేదని, అందుకు మన అనంతపురమే సాక్ష్యమని నాలుగోది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసిపోవడం, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి నీరసించడం మనకు ఏటా పడే వాన 550 మిల్లీమీటర్లే కావడానికి ప్రధాన కారణాలు. అమెజాన్ కథ వేరు. అట్లాంటిక్ తేమ అక్కడ వానగా పడితే, దాన్ని చెట్లు పీల్చి మళ్ళీ గాలిలోకి వదులుతాయి. అక్కడి వానలో దాదాపు సగం ఇలా తిరిగి వచ్చిన నీరేనని వాననీటిలోని ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) పరీక్షించి 1970ల్లోనే తేల్చారు. ఆ తేమే ఆండీస్ కొండలకు తగిలి దక్షిణ బ్రెజిల్ పొలాలకు చేరుతుంది.

ఇక ఐదోది: అడవిని నాశనం చేస్తున్నది పోడు కొట్టే గిరిజనులట, వారిని ఖాళీ చేయిస్తే చాలట. 1970ల్లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అడవిలోకి రహదారులు వేసి, భూమి ఇస్తామని పిలిచి తెచ్చిన పేద రైతులు చెట్లు కొట్టిన మాట వాస్తవం. వారు గిరిజనులు కారు. నరికిన నేలలో అత్యధిక భాగం ఇప్పుడు పశువుల మేతబీడు. 1961లో ఆదివాసుల కోసం కేటాయించిన షింగూ ప్రాంతాన్ని ఉపగ్రహ చిత్రంలో చూడండి: చుట్టూ సోయా చేలు, మేతబీళ్ళు, నడుమ వారున్న మేర పచ్చగా ఉంటుంది. ఎంతటి విధ్వంసకులో, తాము ఉన్నచోట తప్ప అంతటా నరికేశారు!

2004లో ఒక్క ఏడాదే బ్రెజిల్ అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది; ఉమ్మడి అనంతపురం జిల్లాకు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఉపగ్రహ నిఘా పెట్టి, జరిమానాలు వేసి, అక్రమంగా నరికినవారికి బ్యాంకు అప్పులు బిగించాక 2012 నాటికి అది 4,600కు దిగింది. పోడు కొట్టే గిరిజనుడు బ్యాంకు అప్పు తీసుకునేవాడన్నమాట!

ఈ మాట బ్రెజిల్‌తో ఆగదు కాబట్టే నాకింత కోపం. నల్లమలలో చెంచుల గురించి ఇదే వాక్యం పేరు మార్చుకుని తిరుగుతోంది. శేషాచలంలో ఎర్రచందనం లారీ పట్టుబడితే జైలుకు పోయేది కూలీ. దుంగలు ఓడ ఎక్కించేది ఎవరో కాదు, ఆ కూలీయేనని రేపో మాపో మరో సందేశం వస్తుంది. ఈ సందేశాన్ని ఐదోసారి పంపబోయే మిత్రుడు, 2004కూ 2012కూ మధ్య ఆ గిరిజనులంతా ఎక్కడికి వెళ్ళిపోయారో కూడా కింద రాసి పంపగలరు.