పాత బనీను గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాత బనీను గారి సముఖమునకు,

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షా నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరు కుశలమే, ఇందాకే బాల్కనీ తీగ మీద ఊగుతూ కనిపించారు. కుశలం కానిది మా షోకేసులో ఉన్న మిగ్-21, నేను అతికించి చేసిన ప్లాస్టిక్ బొమ్మ యుద్ధవిమానం. దాని మూతి మీది పిటో గొట్టం మళ్లీ విరిగింది.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. ఒకప్పుడు మీరు మా బాపు ఒంటి మీద ఉండి, ఆయనతో పాటు బొగ్గు గనికి డ్యూటీకి పోయి వచ్చేవారు. బాపు అరవై నిండాక రిటైరయ్యాడు. మీరు చంక కింద చిరిగాక రిటైరయ్యారు. ఇద్దరికీ ఖాళీగా కూర్చోవడం చేతకాదు. పొద్దున్నే చాయ్ తాగి బాపు మిమ్మల్ని చేతికి చుట్టుకున్నాడంటే, షోకేసులో నా విమానాలు, ఓడలు, ట్యాంకులు ఒక్కసారి గుండె దిటవు చేసుకోవాల్సిందే.

దుమ్ము మీద నాకు కోపం లేదు. దానితో రాజీ పడకుండా ఈ జిల్లాలో ఎవరూ బతకలేరు. చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో బాగా పాడైన పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే మా చంద్రపూర్ దేశంలో నాలుగో ర్యాంకు కొట్టింది. చదువుల్లో రాని ర్యాంకు అలా వచ్చింది. పక్కింటి మరాఠీ కాకు, అంటే పిన్నిగారు, వచ్చినప్పుడల్లా షోకేసు మీద వేలితో గీత గీసి "కితీ ధూళ ఆహే హో!" అని బుగ్గలు నొక్కుకుంటుంది. వాళ్లింట్లోనూ అదే దుమ్ము. కాకపోతే వాళ్లకు విమానాలు లేవు.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. దుమ్ము తనంతట తాను ఏమీ విరగ్గొట్టదు. వచ్చి కూర్చుంటుంది, అంతే. వంటింటి పోపు జిడ్డో, వానాకాలం తేమో తగిలితే మొండిగా అతుక్కుంటుంది. అదొక్కటే దాని తప్పు. ఈ ఇంట్లో విరిగిన ప్రతి యాంటెన్నా, ఊడిన ప్రతి చక్రం మీ చేతి చలవే.

1:72 స్కేలులో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, మిగ్-21 జానెడు విమానం. గాలి పీల్చే గుండ్రటి మూతి పైన, సూదంత సన్నగా, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది పిటో గొట్టం. అసలు విమానంలో దాని పని గాలి వేగం కొలవడం. నా విమానంలో దాని పని మీకు తట్టుకోవడం. 1963లో వచ్చిన ఆ విమానాన్ని మన వాయుసేన 2025 సెప్టెంబరు 26 దాకా నడిపి చండీగఢ్‌లో సెలవిచ్చింది. 1965, 1971, కార్గిల్ యుద్ధాలు చూసింది. 62 ఏళ్లు ఎగిరింది. మా ఇంట్లో దానికి దీపావళి దులుపుడు దాటడమే గండం. ఈసారి విరిగిన గొట్టం చోట ఇంజెక్షను సూది కోసి, కొస అరగదీసి పెట్టాను. అది వంగలేదు. మీకే చిరుగు పడింది. ఆ చిరుగుకు నేను విచారించడం లేదు.

పోనీ, విరగ్గొట్టకుండా పోయిన రోజైనా ఊరికే పోతారా? మీ పోగు ఒకటి వదిలి పోతారు. లెక్క చూడండి. సెంటీమీటరు పొడవున్న మీ నూలు పోగు 1:72 విమానం రెక్క మీద పడితే, అసలు విమానం మీద 72 సెంటీమీటర్ల తాడు పడినట్టు. 1:350 ఓడ డెక్కు మీద పడితే మూడున్నర మీటర్లు! బాపు తల వెంట్రుక ఒకటి ఆ ఓడ మీద రాలితే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మందం మోకు. నావికులు దానితో లంగరు కట్టుకోవచ్చు.

మీ తెలివి అసలు బయటపడేది బొమ్మల మీద బోర్లించిన అక్రిలిక్ పెట్టె దగ్గర, అదే గాజులా కనిపించే ప్లాస్టిక్ పెట్టె. పొడి నూలుగుడ్డతో ప్లాస్టిక్‌ను రుద్దితే దానికి విద్యుదావేశం పుడుతుంది. బడిలో దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలు లేపిన ప్రతివాడికీ ఇది తెలుసు. మీరు పెట్టెను తళతళా తుడిచి వెనక్కి తిరిగేలోపే అది గదిలో తేలే నలుసులన్నిటినీ దగ్గరికి లాక్కుంటుంది, అందులోనూ మే నెలలో, గాలిలో తడి చుక్క లేనప్పుడు మరీను. మీరు తుడిచిన కొద్దీ దుమ్ము, దుమ్ము వచ్చిన కొద్దీ మీకు పని. కొలువు పర్మనెంటు చేసుకునే ఈ ఉపాయం గని యూనియన్ లీడర్లకు కూడా తట్టలేదు.

పైగా మా దుమ్ము మామూలు దుమ్ము కాదు. థర్మల్ బూడిదలో ఎక్కువ భాగం కంటికి కనబడని గాజు గోళీలు, సిలికా, అల్యూమినాలతో అయినవి. వాటి మీద మిమ్మల్ని వేసి రుద్దితే అది ఉప్పుకాగితం పనే. అక్రిలిక్ మీద సాలెగూడు గీతలు పడ్డాయి. మెరుపు రానివ్వని మ్యాట్ వార్నిష్ కొట్టి, ఎండలో మాడిన యుద్ధ ట్యాంకులా కనిపించాలని నేను పడ్డ పాట్లన్నీ బూడిదలో పోశారు. దాని టరెట్, అదే ఫిరంగి ఉండే పై భాగం, ఇప్పుడు పెళ్లికొడుకు బూటులా మెరుస్తోంది.

బాపును ఏమీ అనలేను. ఒకసారి అన్నాను. "ఇంట్ల దుబ్బ వడ్తాంటే సూస్కుంట కూసోవాల్నా? ఇరిగితే అతుక్కో. నీకు గమ్ము ఉన్నది గదా!" అన్నాడు. బతుకంతా దుబ్బతో కొట్లాడినాయన, రిటైరయ్యాక ఎదురుగా కనబడితే వదులుతాడా? దసరాకు బండితో పాటు విమానాలకూ బొట్టు పెట్టాడు. ఆయుధపూజ కదా, మిగ్ కన్నా ఆయుధం ఇంట్లో ఇంకేముంది? మ్యాట్ రంగులో ఇంకిన పసుపు పోదు. ప్రపంచంలో పసుపు కుంకుమలతో ఉన్న సోవియట్ ట్యాంకు బహుశా నా దగ్గరే ఉంది. దానికి మాత్రం మీ మీద నేరం మోపను.

మీ బదులు ఎవరు అంటారా? మెత్తటి ఉడుత వెంట్రుకల కుంచె. నీటిరంగులకు వాడేదైనా సరే, పౌడరు అద్దుకునేదైనా సరే. ముందు నుంచి వెనక్కి, యాంటెన్నా వాలిన వైపే మెల్లగా. కుంచె పోని మూలలకు కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బుడ్డి. మొండి మరకకు తడిపిన దూది పుల్ల, అవసరమైతే ఉమ్మి. ముఖం అలా పెట్టకండి. పాత శిల్పాల మురికిని మనిషి ఉమ్మి ఎంత బాగా వదిలిస్తుందో తేల్చిన పోర్చుగల్ పరిశోధకులకు 2018లో ఇగ్ నోబెల్, అదే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి, ఇచ్చారు. మీకు మాత్రం ఏ దేశమూ ఏమీ ఇవ్వలేదు.

అన్నిటికన్నా ముందు దుమ్మును లోపలికి రానివ్వకపోతే సరి. మన హాలు షోకేసుకు పక్కకు జరిగే రెండు అద్దాలు. ఒకదాని మీదుగా ఒకటి జరగాలంటే మధ్యన సందు ఉండాలి. ఊరి బూడిదంతా ఆ సందులోంచే దర్జాగా లోపలికి వస్తుంది. అల్యూమినియం కిటికీల్లో వేసే బొచ్చుపట్టీ తెచ్చి ఆ సందుకు అంటించాను. ఓడకు వేరే పెట్టె కొనలేదు, చేపలు లేని పాత అక్వేరియం బోర్లించాను. బాపు రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, "చేపలేవిరా?" అని అడిగాడు. షోకేసును కిటికీ ఎదురు నుంచి కూడా జరిపించాను. 48 డిగ్రీల ఎండ కొట్టే ఊళ్లో ఆ ఎండకు తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కిపోతుంది. పసుపు ఇప్పటికే చాలినంత ఉంది.

కనుక మీకు బదిలీ ఉత్తర్వులు జారీ చేస్తున్నాను. నేటి నుంచి ఫ్యాను రెక్కలు, కిటికీ గ్రిల్లు, స్కూటరు సీటు మీ పరిధి. షోకేసు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అప్పీలు చేసుకోదలిస్తే బాపు ద్వారా చేసుకోవచ్చు. ఆయన మీ పక్షమేనని నాకు తెలుసు, తాళం వేసింది అందుకే.

ఇట్లు,
మీరు తుడిచిన విమానాల యజమాని

నకలు: వరుసలో మీ తర్వాత ఉన్న పాత లుంగీకి. సమాచారం నిమిత్తం మాత్రమే, చర్య నిమిత్తం కాదు.