టైటానిక్: రిమోట్ నొక్కాల్సింది ఏ సీన్‌కి?

సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ‘టైటానిక్’ చూద్దామని ఎవరైనా అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది హీరో జాక్, హీరోయిన్ రోజ్‌ని నగ్నంగా కూర్చోబెట్టి బొమ్మ గీసే సీన్. పిల్లల ముందు అదెలా చూస్తాం అంటారు. రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి, ఎక్కడ ఫార్వర్డ్ చేయాలి, ఆ టైముకి చిన్నదాన్ని మంచినీళ్లు తెమ్మని వంటింట్లోకి పంపాలా అని ముందే మాట్లాడుకుంటారు. ఈ జాగ్రత్త అనవసరమని నేను అనను. కానీ మూడుంబావు గంటల సినిమాలో ఆ కాసేపటి గురించే ఇంత ఆలోచించి, ఓడ మునిగే ఆఖరి గంటన్నరను మాత్రం అలా వదిలేస్తున్నామే, నా బాధంతా అదే. ఆ గంటన్నరలో వందల మంది చనిపోతారు, వాళ్లలో పసిపిల్లలూ ఉంటారు, కెమెరా వాళ్ల ముఖాల మీద నిలబడి మరీ చూపిస్తుంది, అప్పుడు మాత్రం రిమోట్ ఎవరూ ముట్టుకోరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లలతో, పెద్దవాళ్లు పక్కన కూర్చుని తప్పకుండా చూడదగ్గ సినిమా ఇది. పదేళ్లలోపు వాళ్లకు పూర్తి సినిమా వద్దు. వద్దనడానికి అసలు కారణం అందులోని చావులు, నగ్నత్వం ఆ తర్వాతే. 1997లో సినిమా వచ్చినప్పుడు అమెరికాలో దీనికి పీజీ-13 రేటింగ్ ఇచ్చారు, అంటే పదమూడేళ్లలోపు పిల్లలకు కొన్ని సీన్లు తగకపోవచ్చని పెద్దవాళ్లకు హెచ్చరిక. ఎందుకిచ్చారో చెప్పే వరుసలో విపత్తు వల్ల కలిగే ప్రమాదం, హింస ముందున్నాయి, నగ్నత్వం వాటి తర్వాత ఉంది. బ్రిటన్‌లో పన్నెండేళ్లు నిండినవాళ్లకే అన్నారు. మన దగ్గర 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పెద్దవాళ్ల మార్గదర్శనంలో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు, ఓటీటీలకు 2021 నుంచే ఇలాంటి వయసు గుర్తులున్నాయి. ఇవి పనికొస్తాయి, చూడండి. కాకపోతే మీ పిల్లవాడు నీళ్లంటే భయపడతాడా, ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నాడా అన్నది ఏ సర్టిఫికెట్‌కీ తెలియదు, అది మీకే తెలుసు.

ముందు అందరూ జంకే సీన్ సంగతే చూద్దాం. రోజ్ తనంతట తానే బొమ్మ గీయమని అడుగుతుంది, జాక్ కంగారుపడతాడు, కెమెరా ఎక్కువగా అతని కళ్ల మీదా, బొగ్గుతో గీసే చేతి మీదా ఉంటుంది (ఆ చెయ్యి దర్శకుడు జేమ్స్ కామెరూన్‌ది, ఆ బొమ్మలు ఆయన గీసినవే). తర్వాత వచ్చే కారు సీన్‌లో ఆవిరి పట్టిన అద్దం మీద ఒక చెయ్యి తప్ప పెద్దగా ఏమీ చూపించరు. నగ్నత్వం లేదని కాదు, ఉంది. 2012లో త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు చైనాలో ఆ భాగం కత్తిరించారు కూడా. అయినా నేను అడిగేదేంటంటే, హీరోయిన్ నడుము మీదకి కెమెరా వెళ్లే పాటలు మన ఇళ్లలో పండగ రోజు టీవీలో నడుస్తూనే ఉంటాయి, ఆరేళ్ల పిల్లలు స్కూలు యానివర్సరీలో ఆ స్టెప్పులే వేస్తారు, మనం చప్పట్లు కొడతాం. ఆ పాటల్లో అమ్మాయికి ఇష్టమా కాదా అన్న ప్రశ్నే రాదు. ఇక్కడ నిర్ణయం పూర్తిగా అమ్మాయిది. టీనేజీ పిల్లలకి ఆ తేడా కనిపించడం మంచిదే అంటాను.

ఇక్కడే ఇంకో మాట కూడా ఉంది, అది ఎవరూ ఎత్తరు. కథలో రోజ్ వయసు పదిహేడు, జాక్‌కి ఇరవై. రోజ్‌గా నటించేనాటికి కేట్ విన్స్‌లెట్‌కి ఇరవై నిండాయి గానీ పాత్ర మాత్రం పదిహేడేళ్ల అమ్మాయిదే. మన చట్టం ప్రకారం పద్దెనిమిది నిండకపోతే చిన్నపిల్ల కిందే లెక్క, ఆమె ఒప్పుకున్నా సరే ఆ వయసులో శారీరక సంబంధం పోక్సో కిందకి వస్తుంది. ఇంటర్ చదివే కొడుకు, కూతురు పక్కన ఉన్నప్పుడు ఈ సంగతి మామూలుగా, భయపెట్టకుండా చెప్పొచ్చు. సినిమా చూస్తూ కాకపోయినా మర్నాడు టిఫిన్ దగ్గరైనా చెప్పండి. అమ్మమ్మ, తాతయ్య కూడా కూర్చున్నారు, ఇబ్బందిగా ఉంది అనుకుంటే ఆ రెండు సీన్లూ దాటించేయండి, తప్పేం లేదు. కాకపోతే కథ మొదలయ్యేదే సముద్రం అడుగున దొరికిన ఆ బొమ్మతో కాబట్టి, మధ్యలో ఏం దాటించారో పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పండి. హడావుడిగా రిమోట్ వెతుక్కుంటూ ఛానెల్ మార్చేస్తే పిల్లల బుర్రలో ఆ సీన్ ఉన్నదానికంటే పెద్దదైపోతుంది.

నిజానికి మన కుటుంబాలకు తగలాల్సిన సీన్లు వేరే ఉన్నాయి. రోజ్ తల్లి కూతురికి నడుము చుట్టూ కార్సెట్ బిగించి కడుతూ మాట్లాడే సీన్ చూడండి. తండ్రి చనిపోతూ మిగిల్చింది అప్పులు, పెద్దింటి పేరు. ఆ పేరు నిలవాలంటే ఈ పెళ్లి జరగాలి. తల్లి దుర్మార్గురాలు కాదు, భయపడిపోయిన మనిషి, ఆ భయాన్ని కూతురి మెడకు చుడుతోంది. 1912లో ఫిలడెల్ఫియా దొరల ఇంటి కథ అది, అయినా సంబంధం తప్పిపోతే నలుగురిలో తలెత్తుకోలేమని కూతురి దగ్గర ఏడ్చిన ఏ తల్లికైనా, ఆ ఏడుపు విన్న ఏ కూతురికైనా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పెళ్లికొడుకు కాల్ హాక్లీ పొద్దున కాఫీ తాగుతూ బల్ల ఎత్తి విసిరేస్తాడు, ఇంకోసారి రోజ్‌ని చెంప మీద కొడతాడు. ఈ రెండు చోట్లా మన హాల్లో ఎవరూ కదలరు. సినిమా దాన్ని తప్పుగానే చూపిస్తుంది, అది దాని గొప్పదనం. హీరో కొట్టిన చెంపదెబ్బని ప్రేమ కింద లెక్కగట్టిన సినిమాలు చూస్తూ పెరిగిన మగపిల్లలకి, అదే చెంపదెబ్బ అమ్మాయి వైపు నుంచి ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. ఒక్క నిమిషం ఆపి మాట్లాడాల్సిన చోటేదైనా ఉందంటే, నా మటుకు అదే.

ఆత్మహత్యాయత్నం ఒకటి మొదట్లోనే వస్తుంది, రోజ్ ఓడ వెనక వైపు రెయిలింగ్ దాటి నిలబడుతుంది. జాక్ ఆమెకి జీవితం విలువ గురించి ఉపన్యాసం ఇవ్వడు, కింద నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో, ఆ చలి ఒంటిని ఎలా పొడుస్తుందో చెబుతాడు. తర్వాత రెండు గంటలకి అదే చలి అతని ప్రాణం తీస్తుంది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఈ సీన్ ఊరికే చూసి వదిలేయరు. ఇంట్లో ఎవరైనా పిల్లలు ఈ మధ్య ముభావంగా ఉంటుంటే, చదువు ఒత్తిడిలో ఉంటే, ఇది చూశాక వాళ్లతో విడిగా మాట్లాడండి, అవసరమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

ఇక ఆ చివరి భాగం. మంచుకొండ తగిలేసరికి సినిమా దాదాపు గంటా నలభై నిమిషాలు నడిచి ఉంటుంది, అక్కడి నుంచి నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. జాక్ చేతులు గొట్టానికి సంకెళ్లతో బిగించి ఉన్న గదిలోకి నీళ్లు రావడం పెద్దవాళ్లకి థ్రిల్, ఏడేళ్ల పిల్లకి అది ఊపిరాడకపోవడం. నీళ్లు ముంచెత్తుతున్న వసారాలో ఒక చిన్నబ్బాయి ఒంటరిగా ఏడుస్తూ ఉంటాడు, జాక్ వాడిని ఎత్తుకుంటే తండ్రి వచ్చి లాక్కుని అటువైపే పరిగెడతాడు, క్షణంలో నీళ్లు వాళ్లిద్దరి మీదా విరుచుకుపడతాయి. థర్డ్ క్లాస్‌లో ఒక తల్లి, ఇక బయటపడే దారి లేదని తెలిసి, పిల్లలిద్దరినీ పడుకోబెట్టి కథ చెబుతుంది. పిల్లలకి తెలియదు, తల్లికి తెలుసు, చూస్తున్న మనకీ తెలుసు. పక్కనున్న మీ పిల్లకి తెలుసా? తెలియకపోతే ‘వాళ్లు నిద్రపోయాక ఏమైంది’ అని అడుగుతుంది, తెలిస్తే ఏమీ అడగదు. అడగని పిల్ల గురించే నాకు ఎక్కువ భయం.

అంతటితో అయిపోదు. ఓడ వెనకభాగం నిలువుగా లేచినప్పుడు మనుషులు జారి పడుతూ ఇనుముకు కొట్టుకుంటారు. తర్వాత చీకట్లో వందల గొంతులు, ఆ గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోవడం. చివరికి ఒక్క లైఫ్‌బోట్ వెనక్కి వచ్చి టార్చి వేస్తే, గడ్డకట్టిన తల్లి చేతుల్లో పసిబిడ్డ కనిపిస్తుంది. ఈ ఒక్క షాట్ చాలు, చిన్నపిల్లలకి ఈ సినిమా వద్దనడానికి. ఇది భయపెట్టడానికి కల్పించినది కాదు కాబట్టే ఇంకా బరువు. బ్రిటిష్ విచారణ లెక్కల్లో థర్డ్ క్లాస్ పిల్లలు 79 మంది, వాళ్లలో 52 మంది చనిపోయారు. సెకండ్ క్లాస్ పిల్లలు 24 మందీ బతికారు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి హైస్కూలు పిల్లలకి చూపిస్తే, టికెట్టు ధరకీ ప్రాణానికీ ఉన్న సంబంధం ఏ పాఠంలోనూ దొరకనంత సూటిగా అర్థమవుతుంది.

ఆ వయసు పిల్లలతో మాట్లాడటానికి ఇందులో ఎంతో ఉంది, వాళ్లను దూరంగా ఉంచితే నిజంగా నష్టమే. ఓడలో దాదాపు 2,200 మంది, లైఫ్‌బోట్లు 20, వాటిలో చోటు 1,178 మందికి. ఇందులో ఓడ కంపెనీ చట్టాన్ని మీరింది లేదు. పది వేల టన్నులు దాటిన ఓడ ఎంత పెద్దదైనా 16 బోట్లు చాలని నాటి బ్రిటిష్ నిబంధన, టైటానిక్ 46 వేల టన్నులది. చట్టం ప్రకారం అన్నీ సరిగ్గా ఉండి కూడా పదిహేను వందల మంది ఎలా చనిపోయారన్నది తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండు రోజులు ఆలోచించగల ప్రశ్న. 1914లో సముద్ర ప్రయాణాల భద్రతకు అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది ఈ ప్రమాదం వల్లే.

ఏది జరిగింది, ఏది కల్పన అన్నది కూడా చెప్పాలి. జాక్, రోజ్ కల్పన. వాలెస్ హార్ట్‌లీ నడిపిన వాద్యబృందం నిజం, ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ బతకలేదు. మంచం మీద ఒకరినొకరు పట్టుకుని పడుకున్న ముసలి దంపతులు ఇసిడోర్, ఐడా స్ట్రాస్‌లు. ఐడా భర్తను వదిలి బోటు ఎక్కనన్నది నిజం, ఆ మంచం మాత్రం సినిమాది. ఫస్ట్ ఆఫీసర్ మర్డాక్ ప్రయాణికుల్ని కాల్చి తనను తాను కాల్చుకున్నట్టు చూపించినదానికి గట్టి ఆధారం లేదు. స్కాట్లాండ్‌లోని ఆయన సొంత ఊరు డాల్‌బీటీ వాళ్లు బాధపడితే, 1998లో ఫాక్స్ స్టూడియో పెద్ద ఒకాయన అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఊరి హైస్కూలుకి ఐదు వేల పౌండ్లు ఇచ్చాడు. చనిపోయిన మనిషికీ పరువుంటుందని, సినిమా వాళ్లు కూడా జవాబు చెప్పాల్సి వస్తుందని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

నీటిలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లకు మాత్రం ఒక మాట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు ఒడ్డున రోజుల తరబడి ఎదురుచూశాయో మనందరం చూశాం. అలాంటి దుఃఖం ఉన్న ఇంట్లో, బంధువుల ఇంట్లో అయినా సరే, ఈ సినిమా ఎంత గొప్పదైనా, పదకొండు ఆస్కార్లు వచ్చినా పెట్టకండి.

మరి ఉమ్మడి కుటుంబంలో, ఐదేళ్ల నుంచి డెబ్బై ఐదేళ్ల దాకా ఒకే హాల్లో ఉన్నప్పుడు ఏం చేయాలి? నేనైతే రెండు విడతలుగా పెడతాను. వీడియో క్యాసెట్ల రోజుల్లో ఈ సినిమా రెండు క్యాసెట్లుగా వచ్చేది, అలా చూడటం దీనికి కొత్తేమీ కాదు. మొదట్లో, ఈ కథంతా గుర్తుచేసుకుని చెప్పే ముసలి రోజ్‌కి ఓడ ఎలా మునిగిందో కంప్యూటర్ బొమ్మల్లో చూపిస్తారు, దాన్ని దాటించకండి, ఏం జరగబోతోందో పిల్లలకి ముందే తెలిస్తే తర్వాత భయం సగం తగ్గుతుంది. చిన్నవాళ్లకి ఓడ ముందు భాగాన రోజ్ చేతులు చాపి నిలబడే సీన్‌తో ఆపేయండి. ఓడ కదలడం, పెద్ద మెట్లు, థర్డ్ క్లాస్ వాళ్ల డాన్సు, జాక్‌తో చిందులేసే చిన్నపిల్ల కోరా, ఇవన్నీ అప్పటికి చూసేసి ఉంటారు, సరిపోతుంది. బొమ్మ గీసే సీన్, కారు సీన్, మంచుకొండ ఆ తర్వాతే వస్తాయి కాబట్టి రిమోట్ గొడవ కూడా ఉండదు. మిగతాది పెద్ద పిల్లలతో మర్నాడు పగటిపూట చూడండి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు. అయిపోయాక వెంటనే ఫోన్లు తీయకుండా ఓ అరగంట వాళ్ల దగ్గరే కూర్చోండి, ప్రశ్నలు మొదలయ్యేది అప్పుడే.