పట్టణం చేసేముందు ఊరిని అడగరా?

పంచాయతీని మున్సిపాలిటీగానో నగర పంచాయతీగానో మారుస్తూ జీవో వచ్చిన ప్రతిసారీ మన ఊళ్లలో ఒకటే గొడవ. రియల్ ఎస్టేట్ వాళ్లు సంబరపడతారు, కూలీలు కంగారుపడతారు, మిగతావాళ్లు ఇంటి పన్ను ఎంత పెరుగుతుందోనని లెక్కలు వేసుకుంటారు. ఈ గొడవ కొత్తది కాదు. వందేళ్ల కిందట ఇదే విషయం మీద తెలుగునాట ఒక ఊరు ఊరే ఇళ్లు వదిలి వెళ్లిపోయింది.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. నేతగాళ్లు ఎక్కువ. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి, అప్పుడు గుంటూరు జిల్లా. రెండింటి జనాభా కలిపి 15 వేల చిల్లర. చుట్టుపక్కల పేటలతో కలిసి యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంస్థగా ఉన్నన్నాళ్లూ ఏటా కట్టే పన్ను సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లను మున్సిపాలిటీ చేసింది. పన్ను 40 వేలకు చేరింది. మాకు మున్సిపాలిటీ వద్దు మొర్రో అని జనం అర్జీలు పెట్టారు, పన్ను కట్టబోమన్నారు, జైళ్లకు వెళ్లారు. వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. 1920 ఎన్నికల తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ ఇంగ్లీషువాళ్ల చేతిలో లేదు. కొన్ని శాఖలు భారతీయ మంత్రులకు, మిగతావి గవర్నర్ చేతిలో ఉంచిన ద్వంద్వ పాలనలో అది భారతీయ మంత్రికి దక్కింది. ఆ మంత్రి జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్లు రాజా, తెలుగువారే. అయినా నిర్ణయం మారలేదు. కాబట్టి చీరాల కథను తెల్లదొరల దౌర్జన్యం అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు విషయం చేజారిపోతుంది. స్వపరిపాలన పేరుతో శాఖ ఉంది, దాని మీద మనవాడే కూర్చున్నాడు. ఊరి మాట వినే పద్ధతి మాత్రం లేదు.

1921 ఏప్రిల్‌లో, బెజవాడలో కాంగ్రెస్ సమావేశం అయ్యాక గాంధీ చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా ఎదురు నిలవడం ఒక దారి, ఊరు విడిచి పోవడం ఇంకో దారి అన్నారు. ఉద్యమాన్ని నడిపిస్తున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోదాన్నే ఎంచుకున్నారు. మున్సిపల్ హద్దు దాటితే మున్సిపల్ పన్నూ లేదు. మండు వేసవిలో జనం సామాన్లు, పిల్లలు, ముసలివాళ్లతో హద్దు అవతలి నేలమీదికి వెళ్లి తాటాకు పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. సొంత ఇళ్లు కాస్త దూరంలోనే తాళాలు పడి ఉన్నాయి, వీళ్లేమో ఎండకు, వానకు ఆ పాకల్లోనే.

నన్ను ఎక్కువగా కదిలించేది వాళ్లు అక్కడ చేసుకున్న పాలన. సొంతంగా ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు, తగాదాలు తామే తీర్చుకున్నారు. దుగ్గిరాల కూర్చిన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం కాపలా కాసింది, క్రమశిక్షణ చూసుకుంది. పాలన మాకు వద్దని వాళ్లు ఎన్నడూ అనలేదు. అడక్కుండా నెత్తిన పెట్టిన పాలన వద్దన్నారు. బరంపురంలో ఉపన్యాసం ఇవ్వకూడదన్న నిషేధాన్ని కాదన్నందుకు దుగ్గిరాలకు ఏడాది జైలు పడింది. నాయకుడు లేక, డబ్బు లేక, సుమారు 11 నెలలకు జనం వెనక్కి వచ్చేశారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ అని 243క్యూ అధికరణం చెబుతుంది. జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి లాంటివి చూసి గవర్నర్, అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వం, నోటిఫై చేస్తుంది. ఊరి గ్రామసభ ఒప్పుకోవాలన్న షరతు ఆ అధికరణంలో ఎక్కడా లేదు. జనాన్ని లెక్కపెట్టమన్నారు కానీ అడగమనలేదు.

మారాక పోయేదేమిటి? గ్రామీణ ఉపాధి హామీ పని పోతుంది, ఎందుకంటే అది పల్లెలకే. ఆస్తి పన్ను లెక్క మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌ పట్టణాల్లో 2021 నుంచి స్థలం, కట్టడాల విలువ ఆధారంగా పన్ను వేస్తున్నారు. ఇవి అందరికీ తెలిసిన నష్టాలు, అందరూ మాట్లాడేవి. అంతకన్నా పెద్ద నష్టం గ్రామసభ పోవడం అంటాను నేను. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. మున్సిపాలిటీలో అలాంటిది లేదు. వార్డు కమిటీలను కూడా రాజ్యాంగం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే తప్పనిసరి చేసింది. చిన్న పట్టణాలకు రాష్ట్ర చట్టాల్లో కమిటీలు ఉండొచ్చు. కానీ కొందరిని ఎంపిక చేసిన కమిటీ వేరు, ఎవరైనా లేచి నిలబడి అడగగల సభ వేరు.

గ్రామసభలు గొప్పగా నడుస్తున్నాయని నేననడం లేదు. చాలాచోట్ల రచ్చబండ దగ్గర నాలుగు కుర్చీలు, మైకు, ఒక షామియానా. కార్యదర్శి గబగబా లెక్కలు చదివేస్తారు, రిజిస్టరు చేతులు మారుతూ పోతుంది, చదవని కాగితం మీదే సంతకాలు పడతాయి. అయినా ఏ ముసలమ్మో లేచి, మా వీధి కుళాయికి నీళ్లెందుకు రావట్లేదని అడిగితే సర్పంచి అందరి ముందూ జవాబు చెప్పాల్సిందే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి పనుల కోసం ఒక్కరోజులో ఇన్ని సభలు పెట్టగలిగిన ప్రభుత్వాలకు, ఊరి రూపమే మార్చేసేటప్పుడు ఒక్క ఊళ్లో ఒక్క సభ పెట్టడం కష్టమా?

మున్సిపాలిటీ అంటేనే చెడ్డదని కాదు. జనం పెరిగాక మురుగు కాలువలు, చెత్త తరలింపు, మంచినీటి పథకాలు పంచాయతీ నిధులతో కావు. ఆ రోజుల్లో చీరాలకూ పారిశుద్ధ్యం అవసరమే అయి ఉండొచ్చు. కానీ అవసరం ఉందని పైవాళ్లు తేల్చడం వేరు, పన్ను ఇంత, వచ్చే సౌకర్యం ఇది, పోయేది ఇది అని కాగితం మీద పెట్టి ఊరిని అడగడం వేరు. నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటే చాలదు. అభ్యంతరాన్ని చదివేదీ, తోసిపుచ్చేదీ నిర్ణయం చేసిన ఆఫీసే.

నేను కోరేది చిన్న మార్పు. ఊరిని పట్టణంలో కలిపే ముందు ప్రత్యేక గ్రామసభ పెట్టి, ఇప్పటి ఇంటి పన్ను, రాబోయే అయిదేళ్ల పన్ను అంచనా, ఉపాధి పని ఏమవుతుందో, కొత్త సౌకర్యాలు ఏ సంవత్సరం వస్తాయో ఒక తెలుగు కాగితంగా ఇంటింటికీ ముందే పంచాలి. తర్వాత రహస్య ఓటు పెట్టాలి. ఊరు కాదంటే కనీసం మూడేళ్లు మళ్లీ ఆ ఫైలు తెరవకూడదు.