బ్యాగులేని రోజుకు తేవలసిన బ్యాగు

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మావాడి బడి నుంచి వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. సోమవారం ఎనిమిదో తరగతికి ‘బ్యాగ్‌లెస్ డే’. ఆ రోజు పిల్లలు పుస్తకాల మోత లేకుండా వచ్చి చేతిపనుల గొప్పతనం తెలుసుకుంటారట. చాలా సంతోషం. కింద తెచ్చుకోవలసిన వస్తువుల పట్టిక ఉంది. ఏప్రాన్, గ్లవ్స్, పసుపు రంగు హెల్మెట్ (ఇంకే రంగూ పనికిరాదు), ఫైలు, చార్టు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్, నీళ్ల సీసా, రెండు రకాల స్నాక్స్, శానిటైజర్, తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకారపత్రం. చివర గమనిక: ‘పై వస్తువులన్నీ ఒక పెద్ద బ్యాగులో సర్ది పంపగలరు.’

ఆదివారమంతా మా చెన్నై పెరంబూరులో పసుపు హెల్మెట్ కోసం తిరిగాను. మూడో హార్డ్‌వేర్ షాపులో దొరికింది. మేస్త్రీలు పెట్టుకునేది. మావాడు పెట్టుకుంటే ముక్కు కింది భాగం మాత్రమే బయటికి కనిపించింది.

ఈ ఉత్సవానికి మూలం 2020 జాతీయ విద్యావిధానం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పిల్లలు సంచి లేకుండా వచ్చి, ఊళ్లోని వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని అందులో రాశారు. తమిళనాడు ప్రభుత్వం ఆ విధానాన్ని ఒప్పుకోలేదు గానీ, మాది సీబీఎస్ఈ బడి కాబట్టి మాకా భాగ్యం దక్కింది. 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య ‘ఎక్స్‌పోజర్’ ఉండాలన్నది లక్ష్యం. ఆ మాట గమనించారా? నేర్పాలని కాదు. ఎండ తగిలినట్టు, చలిగాలి తగిలినట్టు, వృత్తి కాస్త తగిలితే చాలు.

అలా జాగ్రత్తగా ఎందుకు రాశారో పాత లెక్కలు చూస్తే తెలుస్తుంది. ప్లస్ టూ పిల్లల్లో 1990కి 10 శాతం, 1995కి 25 శాతం వృత్తివిద్య వైపు మళ్లాలని 1986 విధానం చెప్పింది. 1992లో దాన్ని సవరించి, 1995కి 10, 2000కి 25 అన్నారు. చీటీల వ్యాపారి కూడా ఇంత నిదానంగా వాయిదా వేయడు. చివరికి 2020 పత్రమే పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాలు ముందేసుకుని వాపోయింది. 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో లాంఛనంగా వృత్తివిద్య అందినవాళ్లు మన దగ్గర 5 శాతం లోపేనట. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. వాళ్ల పిల్లలకు పసుపు హెల్మెట్లు సైజుకు సరిపడా దొరుకుతాయి కాబోలు.

సరే, అసలు కథకు వస్తాను. ‘లోకల్ వొకేషనల్ ఎక్స్‌పర్ట్‌’ను ఎవరైనా సూచించండని తల్లిదండ్రుల గ్రూపులో అడిగారు. ఆ నిపుణులు మా అందరి ఫోన్లలోనూ ఉన్నారు. పేర్లతో కాదు. ‘ప్లంబర్ 2’, ‘కార్పెంటర్ న్యూ’, ‘ఏసీ పాతవాడు’. నా ఫోన్లో ఉన్నది ‘శీనయ్య కరెంట్’. సూళ్లూరుపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వస్తాడు. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసినవాడు.

“నేనేం చెప్పాల సార్ పిల్లకాయలకి?” అన్నాడు.

“రోజూ చేసేదే చెప్పు శీనయ్యా” అన్నాను.

ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని పదింటికల్లా వచ్చాడట. గేటు దగ్గర రిజిస్టర్లో ‘వచ్చిన పని’ అన్న గడిలో ‘ఎలక్ట్రికల్’ అని రాశాడు. అంతే, వాచ్‌మన్ నేరుగా వెనక మోటారు రూముకు తీసుకెళ్లి, రెండు రోజులుగా మొరాయిస్తున్న స్టార్టర్ ముందు నిలబెట్టాడు. ఇక్కడ హాల్లో ప్రిన్సిపాల్ గారు శ్రమ గౌరవం మీద ప్రసంగిస్తున్నారు. పిల్లలు హెల్మెట్లలో చెమటలు కక్కుతున్నారు. అరగంటైంది. ముఖ్య అతిథి రాలేదు. కోఆర్డినేటర్ మేడమ్ నా వైపు కోపంగా చూస్తూ, “ఈ మనుషులకు పంక్చువాలిటీ ఉండదు సర్” అన్నారు. ఇంతలో నల్లాల్లో నీళ్లు వచ్చాయి. చేతులకు గ్రీజుతో శీనయ్య కూడా వచ్చాడు.

స్టేజీ మీద ఆయన కోసం థర్మోకోల్ స్విచ్‌బోర్డు, ప్లాస్టిక్ టెస్టర్ సిద్ధం చేశారు. అసలు టెస్టర్ భద్రతా నియమాలకు విరుద్ధమట. వెనక తెర మీద ‘విద్యుత్తు మన మిత్రుడు’ అనే పీపీటీ. శీనయ్య ఆ థర్మోకోల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా పక్కన పెట్టాడు. జేబులోంచి మిగిలిపోయిన వైరు ముక్క తీశాడు. దాన్ని పళ్ల మధ్య పెట్టి ఒక్క లాగు లాగాడు. ఎర్రటి తొడుగు ఊడి వచ్చింది. లోపలి రాగి తీగల్ని బొటనవేలితో మెలితిప్పి పైకెత్తి చూపించాడు. ముందు వరుస పిల్లలు లేచి నిలబడ్డారు. మేడమ్ పరుగున వచ్చి మైకు అందుకుని, “చిల్డ్రన్, దిసీజ్ నాట్ హైజీనిక్!” అని ప్రకటించారు.

చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

“కరెంటు తెచ్చే ఫేజు తీగ పోతే ఫ్యాను ఆగిపోతాది, అంతే. త్రీఫేజు మెయిన్‌లో దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ ఊడిందనుకో, ఓల్టేజి పైకెక్కి టీవీ, ఫ్రిజ్జు అన్నీ మాడిపోతాయి” అన్నాడు శీనయ్య. ఒక పాప చెయ్యెత్తింది. “అంకుల్, అంత ముఖ్యమైతే స్విచ్చి ఫేజుకే ఎందుకు పెడతారు? న్యూట్రల్‌కి ఎందుకు పెట్టరు?” శీనయ్య ముఖం వెలిగిపోయింది. ఆయనకు దక్కిన ఏడు నిమిషాల్లో, బహుశా ఆ ఏడాది మొత్తంలో, ఆ హాల్లో ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదే. ఆయన నోరు తెరిచేలోగా బెల్లు కొట్టారు. టైమ్ అయిపోయింది. తర్వాత యోగా.

సాయంత్రం మావాడు అదే ప్రశ్న నన్నడిగాడు. నాకు తెలీదు. నేను బీటెక్ ఎలక్ట్రికల్.

సత్కారంగా బడి లోగో ఉన్న స్టీలు సీసా, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో పేరు ‘మిస్టర్ శ్రీనివాసన్’. సగం రోజు కూలి పోయింది, దాని ఊసే లేదు. స్టార్టర్‌కు కూడా ఎవరూ పైసా ఇవ్వలేదు, అది కార్యక్రమంలో భాగమనుకున్నారేమో. బస్టాపు దాకా నడుస్తూ శీనయ్య ఈ బళ్లో ఫీజెంతని అడిగాడు. చెప్పాను. “అంటే ఎన్నిళ్ల వైరింగు సార్ అది!” అన్నాడు. వాళ్లమ్మాయి ఊళ్లో పదో తరగతి పాసైంది. మార్కులు తక్కువ, ఇంటర్లో ఒకేషనల్ తీసుకోమన్నారట. “అది ఎంపీసీ కావాలంటాంది సార్. ఒకేషనల్ చేస్తే ఇంజనీరింగుకి మళ్లా బ్రిడ్జి కోర్సు రాయాలంట గదా.”

రాయాలి. ఇంతసేపూ సరదాగా రాశాను, ఇక నా వల్ల కాదు. నా కొడుకు ఒక్క వైరు ముట్టుకోకుండానే వాడి ఫైల్లో ‘ఎలక్ట్రికల్ స్కిల్స్: ఎక్సలెంట్’ అని ఎక్కింది. ఆ పిల్ల రెండేళ్లు చేత్తో పని నేర్చుకుని కూడా, నేనూ చదువుకున్నదాన్నేనని వంతెన పరీక్ష రాసి నిరూపించుకోవాలి. ఆ గొయ్యి తవ్విందెవరు, వంతెన కట్టుకోవలసిందెవరు? ఒకే వృత్తివిద్య మావాడికి పిక్నిక్, ఆమెకు శిక్ష.

ఇదేమీ కొత్త కాదు, ఇదే మద్రాసులో జరిగింది. 1953లో రాజాజీ గారి ప్రభుత్వం పల్లెటూరి ప్రాథమిక బళ్లలో చదువును రోజుకు మూడు గంటలకు కుదించింది. మిగతా పొద్దు పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలంది. వ్యతిరేకించినవాళ్లు దాన్ని ‘కులకల్వి తిట్టం’ అన్నారు. తమిళంలో కల్వి అంటే చదువు, తిట్టం అంటే పథకం. తెలుగు చెవికి తిట్టులా వినిపిస్తుంది. ఈ ఒక్కసారికి తెలుగు చెవే కరెక్టు. పెరియార్ లాంటివాళ్లు పోరాడితే, 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు కులం పేరు ఎవరూ ఎత్తరు. ‘ఆప్టిట్యూడ్’ అంటారు. ‘మార్కులు తక్కువ కదా’ అంటారు. చేతిపని మీద అంత గౌరవం ఉంటే ప్రిన్సిపాల్ గారు వాళ్లబ్బాయిని ఐటీఐలో చేర్చమనండి! గిండీలోనే ఉంది, సిటీ బస్సు కూడా పోతుంది.

నేనేదో పత్తిత్తునని కాదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ‘పనివాళ్లు మెట్లు వాడవలెను’ అని మూడు భాషల్లో బోర్డు ఉంది. అందులో తెలుగు నేనే రాసిచ్చాను.

పోయిన వారం తొమ్మిదో తరగతి స్కిల్ సబ్జెక్టు ఫారం కూడా వచ్చింది. బోర్డు జాబితాలో రిటైల్, ఆటోమోటివ్, వ్యవసాయం కూడా ఉన్నాయి. మా బళ్లో మాత్రం రెండే, కోడ్ 402 ఐటీ, కోడ్ 417 ఏఐ. మిగతావాటికి డిమాండ్ లేదట. థియరీకి 50, ప్రాక్టికల్‌కు 50. తల్లిదండ్రుల మీటింగులో ఇదెందుకని ఒక తండ్రి అడిగితే మేడమ్ గొంతు తగ్గించి రహస్యం చెప్పారు. పదిలో లెక్కలో, సైన్సో, సోషలో ఒకటి పోతే, దాని స్థానంలో ఈ ఆరో సబ్జెక్టు మార్కులు పెట్టుకోవచ్చు. “స్టెప్నీ లాగా సర్.” హాల్లో అప్పటిదాకా లేని ఉత్సాహం వచ్చింది. నేను 417 దగ్గర టిక్కు పెట్టాను.

ఇది రాస్తుండగానే మళ్లీ సర్క్యులర్ వచ్చింది. రెండో బ్యాగ్‌లెస్ డేకి కుమ్మరి కావాలి, తెలిసినవాళ్లుంటే నంబరు పంపగలరు. పీపీటీ ముందురోజే మెయిల్ చేయాలి. హాల్లో కొత్తగా టైల్స్ వేయించినందున, కుమ్మరి తన వెంట మట్టి తీసుకురాకూడదు.