గుండిగ బోర్లించే హక్కు

విదేశయాత్రలో రాజప్రాసాదాన్ని సందర్శించడం జ్ఞానతృష్ణ అనీ, అక్కడి తిండి రుచి చూడడం ఒట్టి జిహ్వచాపల్యమనీ లోకంలో ఒక అపోహ స్థిరపడిపోయింది. పదకొండు మందిమి కలిసి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి ప్రాసాదాన్ని చూసివచ్చిన దరిమిలా, ఈ రెండింటిలో గంభీరమైన వ్యవహారం తిండేనని సవినయంగా ప్రకటిస్తున్నాను.

ఇందుకు ఆ ప్రాసాద చరిత్రే సాక్ష్యం. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే నేటి ఇస్తాంబుల్‌ను, గెలిచిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ కట్టించిన ఈ కోటలో సుల్తానులు దాదాపు 400 ఏళ్లు కొలువుతీరారు. వారి సైన్యంలో జానిసరీలనే దళం ఒకటుండేది. ఆ దళంలో ఒక అధికారి హోదా పేరు ‘చోర్బజీ’, అంటే అక్షరాలా ‘సూపువాడు’. జానిసరీలకు ఏలికపై ఆగ్రహం కలిగితే అర్జీలు రాసుకుంటూ కూర్చోలేదు; వడ్డించిన సూపు ముట్టకుండా గుండిగను బోర్లించేవారు. ఆ చప్పుడు వింటే సింహాసనం మీదున్నవాడికి ముద్ద దిగేది కాదు. 1826లో రెండో మహ్మూద్ ఆ దళాన్నే రద్దు చేయడంతో ఈ సంప్రదాయం అంతరించిందని చరిత్రకారులు భావిస్తున్నారంటే, వారు మా బృందాన్ని చూడకపోవడమే కారణం.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు రెండో ప్రాంగణంలో నిలబెట్టి, 1574 నాటి అగ్నిప్రమాదం తర్వాత మహాశిల్పి సినాన్ పునర్నిర్మించిన వంటశాలలనూ, వరుసగా లేచిన వాటి పొగగొట్టాలనూ మా టూర్ మేనేజరు తన్మయంగా చూపిస్తున్నాడు. మాలోకెల్లా పెద్దాయన తలెత్తి ఆ గొట్టాలను చాలాసేపు పరీక్షించారు.

“ఇప్పుడు వండుతున్నారా, అబ్బాయీ?”

“లేదండీ, ఇది మ్యూజియం.”

“మరి పద.”

గుండిగ బోర్లింది. ఆ వంటశాలల్లో ప్రదర్శించిన చైనా పింగాణీని మేము నడుస్తూనే చూశాం. ఆకుపచ్చ పళ్లేల్లో విషం కలిసిన వంటకం పెడితే రంగు మారుతుందని పూర్వం నమ్మేవారట. తర్వాత ఎమినోను రేవు దగ్గర కాల్చిన చేపను రొట్టెలో పెట్టి ఇచ్చినప్పుడు, మావాళ్లంతా రొట్టెను విప్పి, వెలుతురుకు తిప్పి, చేపను వేలితో నొక్కి నొక్కి చూశారు. సుల్తానులది విషభయం, మాది ముళ్లభయం. జాగ్రత్తలో మాత్రం తేడా లేదు.

ఖజానాలోని 86 క్యారట్ల వజ్రానికి రెండు నిమిషాలు కేటాయించాం. అది చెత్తలో దొరికిన ఒక పేదవాడు దాన్ని మూడు చెంచాలకు ఇచ్చేశాడని కథ చెబుతారు. ఆ బేరంలో మోసమేమిటో మాలో ఒక్కరికీ బోధపడలేదు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నవాడికి చెంచాతో పని ఉంటుంది గానీ వజ్రంతో ఏం పని?

రంజాన్ నెల నడుమ, పదిమంది జానిసరీలకు ఒక పళ్లెం చొప్పున ప్రాసాదం నుంచి బక్లావా అనే మిఠాయి పంపి సుల్తానులు వారిని మంచి చేసుకునేవారు. ఈ రాజనీతి మా మేనేజరుకు తెలుసు. సాయంత్రం సంధి నిమిత్తం పిస్తా పొడి చల్లిన బక్లావా ఒక పళ్లెం తెప్పించాడు. లెక్క కూడా సంప్రదాయబద్ధంగా పదిమందికే వేశాడు. పదకొండోవాణ్ని నేను, అందుకే మిగతావారు చేతులు నాకుతున్న సమయంలో ఈ వ్యాసానికి కావలసిన నోట్సు రాసుకునే తీరిక దొరికింది.