రెండో బల్ల దగ్గర ప్రశ్నలుండవు

అమెరికా చట్టానికి హాబీ ఉన్నవాళ్ళంటే మహా మమకారం. తుపాకులు అమ్ముకుని బతికేవాడు లైసెన్సు తీసుకోవాలి, కొనేవాడి నేరచరిత్ర విచారించాలి. "వ్యాపారిని కాదు, నా సొంత కలెక్షన్లోవి అప్పుడప్పుడు ఒకటీ అరా అమ్ముకుంటా" అనేవాడికి ఆ బాధలేవీ లేవు. 1986లో కాంగ్రెస్ ప్రసాదించిన వరం ఇది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు అడ్డుపుల్ల వేశాయి గానీ, టెక్సస్‌కి అంత అరసికత్వం లేదు.

ఒకసారి అక్కడ గన్ షోకి, అంటే తుపాకుల సంతకి, వెళ్ళి చూడండి. మొదటి బల్ల లైసెన్సున్న డీలరుది. 4473 నంబరు ఫారం చేతిలో పెడతాడు. చట్టానికి దొరక్కుండా పారిపోయి తిరుగుతున్నారా అనే ప్రశ్న అందులో నిజంగానే ఉంది. పారిపోయి తిరిగేవాడు కాస్త ఆగి, ఊపిరి పీల్చుకుని, "అవును" అని టిక్కు పెట్టాలి కాబోలు. తర్వాత ఎఫ్‌బీఐకి కబురు వెళ్తుంది. "వీడికి కుదరదు" అని జవాబొస్తే మన కథానాయకుడు ఏమీ నొచ్చుకోడు. పక్క బల్లకి జరుగుతాడు.

అక్కడ ఒక రిటైరైన పెద్దమనిషి, ఆయన ముందు డజను తుపాకులు. అన్నీ సొంత కలెక్షనే. పోయిన నెల తెచ్చిన డజనూ సొంత కలెక్షనే. కన్నకూతుళ్ళలా చూసుకున్నవాటిని నెలనెలా అత్తారింటికి పంపుతున్నాడు పాపం, అల్లుడెవరో మాత్రం అడగడు. ఎందుకడగాలి? అనర్హుడని తెలిసో, అలా అనుకోడానికి తగిన కారణం ఉండో అమ్మితేనే నేరం; తెలుసుకుని తీరాలని ఎక్కడా లేదు. అందుకే ఆయన ఎండల గురించి మాట్లాడతాడు, డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్లో ఏం చేస్తుందో చెప్తాడు, మనవరాలి ఫోటో చూపిస్తాడు. నోట్లు లెక్కపెట్టుకుంటాడు. శుభం.

అదే డాలస్‌లో దిగిన మన కుర్రాడు సింగిల్ బెడ్రూం అద్దెకడిగితే క్రెడిట్ స్కోరు, పే స్లిప్పులు, పోలీసు రికార్డు అన్నీ తవ్వి చూస్తారు. అద్దె ఎగ్గొడతాడేమోనని భయం మరి!

అంత బలవంతుడైన అధ్యక్షుడు ఏం చేస్తున్నట్టు? సంతకాలు చేస్తున్నాడు. శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పసివాళ్ళు పోయాక, గన్ షోల్లో, ఆన్‌లైన్లో అమ్మకాలకూ విచారణ ఉండాలనే సవరణ 2013 ఏప్రిల్లో సెనేట్‌కొచ్చింది. అవునన్నవాళ్ళు 54, కాదన్నవాళ్ళు 46. గెలిచింది 46. అక్కడి లెక్కల్లో 60 వస్తేగానీ మెజారిటీ కాదు. 2016 జనవరిలో ఒబామా కన్నీళ్ళు తుడుచుకుంటూ ప్రకటించగలిగింది ఎవరిని వ్యాపారి అనాలో వివరించే ఒక సలహాపత్రం. దానికే నియంతృత్వం వచ్చేసిందని గగ్గోలు! టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో కాల్పుల తర్వాత 2022లో కాంగ్రెస్ ఆ వ్యాపారి నిర్వచనాన్ని కాస్త బిగించింది. ఆ ఆసరాతో బైడెన్ ఉత్తర్వు, 2024లో తుపాకుల వ్యాపారాన్ని అజమాయిషీ చేసే ఏటీఎఫ్ సంస్థ నిబంధన, వెంటనే టెక్సస్‌లో ఒక జడ్జి స్టే. 2025 ఫిబ్రవరి 7న ట్రంప్ ఇంకో ఉత్తర్వు: బైడెన్ హయాం తుపాకీ నిబంధనలన్నీ మళ్ళీ పరిశీలించండి అని. ఒక పెన్ను రాస్తుంది, ఇంకో పెన్ను కొట్టేస్తుంది. రెండో బల్ల మాత్రం అంగుళం కదల్లేదు.

"నేరచరిత్ర చెక్‌లు పెడితే నేరాలు ఆగుతాయా?" అని తెలివిగా అడుగుతారు చూడండి, వాళ్ళని టెక్సస్‌లోని ఒడెస్సా పంపాలి. 2019 ఆగస్టు 31న అక్కడా, పక్కనున్న మిడ్‌లాండ్‌లోనూ కారులో తిరుగుతూ ఏడుగుర్ని చంపినవాడు 2014లోనే చెక్‌లో ఫెయిలైనవాడు. చెక్ పని చేసింది! వాడి చేతికి తుపాకీ ఇవ్వొద్దని ప్రభుత్వం కంప్యూటరు స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత వాడు ఒక ప్రైవేటు మనిషి దగ్గర రైఫిల్ కొనుక్కున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అడగక్కర్లేదని మీరే రాసిపెట్టారు కాబట్టి. పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పండయ్యా, ఒక్క ఫోన్ కాల్ హాబీదారులకి ఎంత భారమో!

అమ్మినవాడికి తర్వాత రెండేళ్ళ జైలు పడింది. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేశాడట.